మిగిలిన రూపాయి ఎవరి జేబులో పడింది?

మా కళాశాల కార్యాలయంలో ఒక పత్రం ఉంది. "దస్త్రాల కంప్యూటరీకరణ వలన ఏటా ఒనగూడు ఆదా" అని దాని శీర్షిక. ఉన్నవి రెండే పుటలు. రెండవ పుట అడుగున ఐదు సంతకాలున్నాయి. వాటిలో నాలుగవది నాది. ఈ టపా ఆ సంతకాన్ని గురించి.

నేను తెలుగు పాఠాలు చెప్పుకొని బతికేవాణ్ణి. అటువంటివాణ్ణి 2018లో ఆ సంఘంలో ఎందుకు వేశారంటే, 2006లో లేఖినిలో తెలుగు రాయడం నేర్చుకుని, ఈ బ్లాగు తెరిచి, తోటి అధ్యాపకులకు యూనికోడు మహత్యాన్ని గురించి వేళాపాళా లేకుండా ఉపన్యాసాలిచ్చిన పాపానికి. "మేష్టారికి కంప్యూటరు వచ్చండీ" అన్నారు. ఫాంటు మార్చగలిగినవాడు ఖర్చుల పద్దు కూడా చూడగలడని వారి విశ్వాసం. నిజం చెప్పాలంటే నాకూ ఆ విశ్వాసం ఉండేది. కనుక నన్ను గణకయంత్ర ద్వేషి అని ఎవరూ అనుకోవద్దు. మిత్రులారా, మనమంతా దాని ముందు కూర్చుని కళ్ళద్దాలు తెచ్చుకున్నవాళ్ళమే కదా!

ఆ పత్రంలో ఉన్నది ఇంతే. రిజిస్టర్లు, కాగితాలు, అచ్చు ఖర్చుల్లో ఏటా 60,000 రూపాయల మిగులు. ఔట్‌సోర్సింగు మీద పనిచేస్తున్న ఇద్దరు రికార్డు సహాయకులు ఇక అక్కరలేదు గనుక, నెలకు చెరి 11,000 చొప్పున ఏటా 2,64,000. వెరసి 3,24,000 రూపాయలు. సాఫ్ట్‌వేరుకు ఏటా కట్టవలసిన 90,000 ఆ పద్దులో కనిపించదు. అది "అభివృద్ధి" ఖాతాలో ఉంది. ఈ ఒక్క విషయం నేను ఆనాడే అడిగాను. "అది పెట్టుబడి, ఇది ఖర్చు, వేరు వేరు" అన్నారు. ఏటేటా కట్టే అద్దె పెట్టుబడి ఎలా అవుతుందని మళ్ళీ అడగవలసింది. మధ్యాహ్నం రెండు దాటింది, ఆకలిగా ఉంది, సంతకం పెట్టాను.

ఆ ఇద్దరు సహాయకుల్లో ఒకాయన పదహారేళ్ళుగా ఉన్నారు. పేరు రాయను. పిల్లలు "అన్నా" అని పిలిచేవారు. ఆయన చేసే పని ఏమిటో బయటివారికి తెలియదు. నామినల్ రోల్సు, టి.సి. పుస్తకం, బోనఫైడ్లు, ప్రవేశాల రిజిస్టరు, మార్కుల మెమోలు ఇచ్చినట్టు తీసుకున్న సంతకాల పుస్తకం, కంపెనీలనుంచి వచ్చే నిజనిర్ధారణ ఉత్తరాలు. ఇవన్నీ ఏ బీరువాలో, ఏ అరలో, ఏ సంవత్సరం కట్ట ఏ సంవత్సరం కట్ట కింద ఉందో ఆయనకు తెలుసు. ఒక బ్యాచి రిజిస్టరు వానకు తడిసిందని, దానికి నకలు మరో పుస్తకం వెనుక పుటల్లో రాసి ఉందని ఆయనకు తెలుసు. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. మా సాఫ్ట్‌వేరులోకి 2001 నుంచి చేరినవారి వివరాలు మాత్రమే ఎక్కించారు. అంతకు ముందువి "దశలవారీగా" ఎక్కిస్తామన్నారు. ఆ దశ నేటికీ రాలేదు.

2023లో ఒకామె వచ్చింది. 1994లో మా దగ్గర బి.ఎ.లో చేరింది. అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తోంది. సూపర్‌వైజరు పోస్టుకు ఎంపిక జాబితాలో ఆమె పేరు ఉంది. టి.సి. పోయింది, దాని నకలు కావాలి. మూడు వారాల గడువు. కంప్యూటరులో హాల్‌టికెట్టు సంఖ్య కొడితే "వివరములు లభ్యము కాలేదు" అని వచ్చింది. కిటికీలో కూర్చున్న కుర్రవాడు ఆ మాటే ఆమెకు చెప్పాడు. అతని తప్పు లేదు, అతనికి తెలిసిన కళాశాల ఆ తెరలో ఉన్నంతే. ఆమె నాలుగుసార్లు తిరిగింది. ప్రతిసారీ బస్సు ఛార్జీ, ఒక రోజు సెలవు. నాలుగోసారి మెట్ల కింద కూర్చుని ఏడుస్తుంటే నా కంటపడింది.

మేము ముగ్గురం రెండు రోజులు మెట్ల కింది గదిలో కట్టలు విప్పాము. దొరకలేదు. చివరికి పాత రికార్డు సహాయకుడికి కబురు పంపాను. ఆయన వచ్చారు, ముక్కుకు రుమాలు కట్టుకున్నారు, అరగంటలో ఆ పుట తీసి బల్లమీద పెట్టారు. అప్పటికి గడువు దాటి తొమ్మిది రోజులయింది. ఆ పోస్టు జాబితాలో తరువాతి పేరుకు వెళ్ళింది.

ఆ 3,24,000 రూపాయల్లో ఇది ఏ గళ్ళోకి వస్తుంది?

ఇంకా ఒక విషయముంది. కబురు పంపాను అన్నాను గదా, ఎక్కడికో కాదు. రోడ్డు దాటితే చాలు. ఆయన ఇప్పుడు మా గేటు ఎదుట జిరాక్సు దుకాణంలో కూర్చుంటారు. పరీక్ష ఫీజు ఆన్‌లైనులో కట్టడం, ఉపకార వేతనానికి ఈపాస్ దరఖాస్తు నింపడం, ఫోటోను పోర్టలు ఒప్పుకునే కొలతకు తగ్గించడం ఆయన పని. దరఖాస్తుకు 50 రూపాయలు. కళాశాలలో కూర్చుని చేసిన పనే దాదాపుగా రోడ్డుకు ఆ పక్కన కూర్చుని చేస్తున్నారు. అప్పుడు జీతం కళాశాల ఇచ్చేది, ఇప్పుడు పిల్లలు ఇస్తున్నారు. మేము ఒక ఉద్యోగాన్ని యంత్రానికి అప్పగించామని రాసుకున్నాము. నిజానికి దాన్ని రోడ్డు దాటించాము, అంతే.

యంత్రం పని చేస్తుంది, నిజమే. అయితే దానికి అక్షరం అక్షరం తినిపించేవాడు ఒకడు కావాలి. పూర్వం ఆ తినిపించే పని గుమాస్తాది. తప్పు రాస్తే తప్పు అతనిది, దిద్దవలసిన బాధ్యతా అతనిదే. ఇప్పుడు విద్యార్థి స్వయంగా టైపు చేసుకుంటాడు. "పైన పేర్కొన్న వివరములన్నియు సత్యము" అని గడిలో టిక్కు పెడతాడు. ఆ టిక్కుతో తప్పంతా అతని మెడకు చుట్టుకుంటుంది. దిద్దుబాటుకు రుసుము కూడా అతనే కట్టాలి. జీతం ఇవ్వకుండా పని చేయించుకోవడమే గాక, పనిలో తప్పు దొర్లితే జుర్మానా వేయడం! ఈ ఏర్పాటు ఏ పాతకాలపు జమీందారుకూ తట్టలేదు.

లెక్క వేద్దాం. మా దగ్గర సుమారు 700 మంది పిల్లలున్నారు. ఏడాదికి ఒక్కొక్కరు మూడుసార్లు ఆ దుకాణం మెట్లెక్కుతారనుకుంటే, యాభై చొప్పున 1,05,000 రూపాయలు. ఇక అధ్యాపకులం 22 మందిమి. హాజరు ఎక్కించడం, ఇంటర్నల్ మార్కులు ఎక్కించడం, న్యాక్ వారికి చూపడానికి ప్రతి కార్యక్రమానికీ అక్షాంశ రేఖాంశాలు కనిపించే ఫోటోలు ఎక్కించడం, ఎక్కనివి మళ్ళీ ఎక్కించడం. వారానికి రెండు గంటలంటే తక్కువే చెబుతున్నాను. నలభై వారాలకు 1,760 గంటలు. మాలో కాంట్రాక్టు వారు, గెస్టు లెక్చరర్లు ఉన్నారు గనుక బాగా తగ్గించి గంటకు 300 వేస్తే 5,28,000. దానికి సాఫ్ట్‌వేరు అద్దె 90,000 కలపండి. మొత్తం 7,23,000 రూపాయలు. మిగిల్చింది 3,24,000. గుమాస్తా చేసే పనిని అధ్యాపకుడి చేత చేయిస్తే ఖర్చు తగ్గదు, రెట్టింపవుతుంది. కాకపోతే ఆ ఖర్చు ఏ పద్దులోనూ పడదు గనుక కనిపించదు. ఈ కూడికలు ఆనాడే వేసి ఉండవలసింది నేను. ఐదవ తరగతి లెక్క.

"గుమాస్తాల రాజ్యం మరిచిపోయారా మేష్టారూ?" అని మీలో కొందరు వ్యాఖ్య రాయడానికి సిద్ధపడుతున్నారని తెలుసు. మరువలేదు. నా సొంత ప్రొవిజినల్ కోసం నేను చదివిన విశ్వవిద్యాలయంలో (అది ఏదో చెప్పను) మూడు రోజులు వరండాలో నిలబడ్డాను. నాలుగో రోజు ఎవరో జ్ఞానోదయం కలిగిస్తే "టీ ఖర్చులు" సమర్పించాను. పావుగంటలో పని అయింది. కనుక కిటికీ వెనుక మనిషి ఉంటే చాలు, దయాదాక్షిణ్యాలు పొంగిపొర్లుతాయని నేననను. 2016లో తెలంగాణలో దోస్త్ వచ్చినప్పుడు సంతోషించిన వాళ్ళలో నేనొకణ్ణి. అంతకు ముందు డిగ్రీలో చేరాలంటే ప్రతి కళాశాలకూ వెళ్ళి, ప్రతిచోటా దరఖాస్తు కొని, జాబితా అంటించే రోజున మళ్ళీ వెళ్ళి చూసుకోవాలి. పల్లెనుంచి వచ్చే ఆడపిల్లకు ఒక తోడు, ఇద్దరికీ ఛార్జీలు. ఒక్క దరఖాస్తుతో అన్ని విశ్వవిద్యాలయాల కళాశాలలూ అందుబాటులోకి రావడం నిజమైన పొదుపు. ఆ పొదుపు పిల్లల చేతిలో పడింది. అలా పడేటట్టు చేయడం సాధ్యమేనని చెప్పడానికే దీన్ని ఎత్తాను. ఆ దరఖాస్తులో ఇంటరు హాల్‌టికెట్టు సంఖ్య కొడితే బోర్డునుంచి వివరాలు అవే వస్తాయి. మరి అవే వివరాలు ఈపాస్‌కు మళ్ళీ ఎందుకు? పరీక్షల విభాగానికి మళ్ళీ ఎందుకు? క్రెడిట్ల ఖాతాకు మళ్ళీ ఎందుకు? ఒక్కసారి తీసుకున్నదాన్ని నాలుగుసార్లు అడిగే యంత్రానికి జ్ఞాపకశక్తి ఉందని ఎలా అనడం!

పేర్ల సంగతి మరీ ఘోరం. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. పదవ తరగతి మెమోలో పొడి అక్షరంగా ఉంటుంది, ఆధారులో పూర్తిగా ఉంటుంది, ఇంకోచోట చివరికి పోతుంది. పెళ్ళయిన ఆడపిల్లకు మరొకటి వచ్చి చేరుతుంది. పైగా అంతా ఆంగ్ల అక్షరాల్లోనే. లక్ష్మి అనే పేరును మధ్యలో 'ఎక్స్' పెట్టి రాసేవారున్నారు, 'కె ఎస్ హెచ్' పెట్టి రాసేవారున్నారు, చివర 'ఐ'కి బదులు రెండు 'ఈ'లు పెట్టేవారున్నారు. గుమాస్తా తెలుగువాడు గనుక చూడగానే అంతా ఒక లక్ష్మే అని గ్రహిస్తాడు. యంత్రం ముగ్గురు లక్ష్ములంటుంది. నోటరీ దగ్గరికి పో, అఫిడవిట్టు తే అంటుంది. తెలుగులో లక్ష్మికి ఒకటే రాత. మా దత్తాంశంలో పేరుకు తెలుగు గడి ఒకటి పెట్టమని ఆ సంఘం మొదటి సమావేశంలోనే అడిగాను. యూనికోడులో చక్కగా పడుతుందని, ప్రత్యేకంగా ఖర్చేమీ ఉండదని, ఇరవై ఏళ్ళ క్రితమే ఆ తిప్పలన్నీ మనవాళ్ళు పడి దారి వేశారని చెప్పాను. "అవసరం లేని ఫీల్డు" అని కొట్టేశారు. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియా దేశభాషలో ఉన్నతవిద్య నడిపి చూపిన గడ్డమీద, ఒక విద్యార్థి పేరు ఆమె భాషలో రాసుకోవడానికి ఒక గడి కరవైంది.

ఇంటరు ఉన్నతవిద్య కాదనకపోతే ఒక మాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటరు ఫలితాలు మనలో ఎవరూ మరిచి ఉండరు. ఫలితాల ప్రక్రియను కొత్త చేతుల్లో పెట్టారు. మొదటి సంవత్సరంలో మంచి మార్కులు తెచ్చుకున్న ఒక అమ్మాయికి రెండవ సంవత్సరం తెలుగులో సున్న వచ్చింది. తిరిగి చూస్తే 99. దిద్దినవారు గడులు నింపడంలో పొరబడ్డారు. మనిషి పొరబడతాడు, అది వింత కాదు. అన్నిట్లోనూ బాగా చదివే పిల్లకు మాతృభాషలో సున్న ఏమిటని ఆగి చూసే కన్ను ఆ వరుసలో ఎక్కడా లేకపోవడం వింత. ఆ రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పినవారందరి జవాబుపత్రాలు, మూడు లక్షలకు పైగా, రుసుము లేకుండా మళ్ళీ చూశారు. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలింది. ఆ కన్నుకు ఇవ్వవలసిన జీతం ఎంత ఉండేదో ఎవరైనా లెక్క కట్టారా?

ఇక అసలు ఆదా ఎక్కడ సాధ్యమో అక్కడ చూడండి. 2017 జూలైలో జాతీయ విద్యా పత్రాల నిధి, అదే నాడ్, మొదలైంది. డిగ్రీలన్నీ అంకెల రూపంలో భద్రపరుస్తారు, ఇక ఎవరూ అసలు పత్రాలు మోసుకు తిరగనక్కరలేదు అన్నారు. మొదట రెండు డిపాజిటరీ సంస్థల చేతిలో పెట్టి, 2020లో డిజిలాకరుకు మార్చి ఉచితం చేశారు. డిజిలాకరులో జారీ అయిన పత్రం అసలు పత్రంతో సమానమని 2017లోనే నిబంధన వచ్చింది. చాలా మంచిది. ఇప్పుడు మన ప్రైవేటు కళాశాలలవైపు నడవండి. ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని పిల్లల అసలు సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసిన కళాశాలలు ఎన్ని లేవు? ఒరిజినల్సు అట్టిపెట్టుకోకూడదని యు.జి.సి. 2007లో చెప్పింది, 2018లో మళ్ళీ చెప్పింది. ఎవరు విన్నారు? ప్రభుత్వం బాకీ పడింది, తాకట్టు మాత్రం పిల్లవాడి పదవ తరగతి మెమో. డిజిలాకరులో ఉన్నది అసలుతో సమానమే అయితే ఆ బీరువాలోని కాగితానికి విలువ ఉండకూడదు. కాని కౌన్సెలింగులో అడుగుతారు, ఉద్యోగంలో చేరేచోట అడుగుతారు. అందుచేత దానికి విలువ ఉంది. అందుచేత దానిమీద బేరం ఉంది. యంత్రం రద్దు చేయగలిగిన అన్ని ఖర్చుల్లోకీ పెద్దది ఇదే. సరిగ్గా దీన్నే ముట్టుకోలేదు. పదకొండు వేల జీతగాణ్ణి మాత్రం పంపేశారు.

అమెరికా వెళ్ళిన మన పిల్లలు ఒకటి చెబుతుంటారు. అక్కడ 1993 నుంచి విద్యార్థుల రికార్డుల క్లియరింగ్‌హౌస్ ఒకటి ఉంది. ఫలానావారికి డిగ్రీ ఉందా లేదా అని కంపెనీ దాన్ని అడిగి తెలుసుకుంటుంది, అడిగినందుకు రుసుము కట్టుకుంటుంది. అవసరం ఎవరిదో ఖర్చు వారిది. అక్కడ అంతా సవ్యమని కాదు. పరిపాలనా సిబ్బంది అధ్యాపకుల కంటే వేగంగా పెరిగిపోతున్నారని బెంజమిన్ గిన్స్‌బర్గ్ అనే ఆచార్యుడు 2011లో ఒక పుస్తకమే రాశారు. దస్త్రాలు యంత్రంలోకి వెళ్ళినకొద్దీ దొరలు తగ్గాలి గదా, పెరిగారు. ఇక్కడ మనం గుమాస్తాను తీసేసి, ఆయన కుర్చీ ఖాళీ అయిన ఏడాదికే "ఐ.టి. సమన్వయకర్త" అనే కొత్త కుర్చీ వేశాము. దాని జీతం కూడా "అభివృద్ధి" ఖాతాలోనే.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఆ ఇద్దరిలో ఒకరిని ఉంచి, పాత రిజిస్టర్లన్నీ ఆయన పక్కనుండగా స్కాను చేయించి ఉంటే రెండేళ్ళలో పని పూర్తయ్యేది. ఏ కట్టలో ఏముందో ఆయన చెబుతుంటే కుర్రవాళ్ళు రాసుకునేవారు. ఆ రెండేళ్ళ జీతం 2,64,000 రూపాయలు. ఆ తరువాత 1994లో చేరిన ఆమె వస్తే కిటికీ కుర్రవాడే రెండు నిమిషాల్లో పుట తీసి ఇచ్చేవాడు. యంత్రం అప్పుడు నిజంగా మిగిల్చేది. మేము ముందు మనిషిని పంపాము, తరువాత ఆయన తలలో ఉన్నదాన్ని వెతుక్కుంటున్నాము.

పోయిన నెల ఆ పత్రాన్ని మరో రెండు కళాశాలలకు నమూనాగా పంపారని తెలిసింది. దానికి నా అసమ్మతిని జతచేయమని, నా సంతకాన్ని ఉపసంహరించుకుంటున్నానని, పైన వేసిన కూడికలన్నీ వివరంగా చూపిస్తూ మూడు పుటల లేఖ రాసి తీసుకువెళ్ళాను. కాగితం మీద తీసుకోరట. ఉద్యోగుల వినతులన్నీ పోర్టలులోనే ఎక్కించాలట, 200 కె.బి. మించకూడదట. ఎదుటి దుకాణానికి వెళ్ళాను. పాత మిత్రుడే కొలత తగ్గించి ఎక్కించిపెట్టారు. యాభై రూపాయలు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మొన్న కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. లేఖ తెరిస్తే అన్నీ డబ్బాలు కనిపిస్తున్నాయట, ఆంగ్లంలో మళ్ళీ పంపమన్నారు. పంపనని చెప్పాను. ఆ కంప్యూటరులో తెలుగు ఎలా కనిపించేటట్టు చేయాలో నాకు తెలుసు గనుక సోమవారం నేనే వెళ్తున్నాను.